పండుగ విస్తరిలో చరిత్ర: సంక్రాంతి ఆధరువుల ఎంపిక

పరిచయం

సంక్రాంతికి రెండు మూడు రోజుల ముందు మీ ఇంట్లో జరిగే చర్చను ఒకసారి గుర్తు చేసుకోండి. పండుగనాడు అన్నంలోకి ఏ కూర, ఏ పులుసు, ఏ పచ్చడి చేయాలన్న మాట వస్తుంది. పిల్లలు బంగాళాదుంప వేపుడు అడుగుతారు. "పండగపూట అదేమిటర్రా? గుమ్మడికాయ పులుసు పెట్టాలి, అది మన సంప్రదాయం" అని నాయనమ్మో, అమ్మమ్మో అంటుంది.

చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బంగాళాదుంప, తీపి గుమ్మడి రెండూ అమెరికా ఖండాలలో పుట్టిన పంటలే. 1492లో కొలంబస్ అట్లాంటిక్ సముద్రాన్ని దాటకముందు ఇవేవీ మన దేశంలో లేవు. మరి ఒకటి సంప్రదాయమై, మరొకటి ఎందుకు కాలేదు? అన్నంలో కలుపుకొనే, నంజుకొనే వంటకాలను ఆధరువులు అంటాం. వాటి ద్వారా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

1. పాత విస్తరికి ఆధారాలు

వంట మిగలదు, గింజ మిగులుతుంది. బళ్లారి సమీపంలోని సంగనకల్లు వంటి నవీన శిలాయుగ స్థలాల్లో మాడిన ఉలవలు, పెసలు లభించాయి. ఇవి సుమారు 4,000 ఏళ్ల నాటివి. దక్షిణ దక్కనులో ఆ తరువాతి పొరల్లో సజ్జ, చిక్కుడు కూడా కనిపిస్తాయి. ఈ రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినవే. అంటే సంక్రాంతి చిక్కుడుకాయ కూర కూడా ఒకప్పుడు "కొత్త" వంటే. మన విస్తరిలో నువ్వులు, వంకాయ, కంద చాలా పాతవి. బూడిద గుమ్మడి ఆసియా పంటే. తీపి గుమ్మడితో దాన్ని కలిపి చూడకూడదు.

సాహిత్యం రెండో ఆధారం. శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి భోజనం పెడతాడు. చలికాలపు భోజనంలో మిరియాల పొడి వేసిన వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్లు ఉన్నాయి. మిరపకాయ మాత్రం లేదు. అయితే ఇది ఒక రాజకవి ఊహించిన భక్తుని ఇల్లు. దీన్నిబట్టి అందరి ఇళ్లలోనూ అదే తిండి అనుకోరాదు.

2. సముద్రం దాటి వచ్చిన పంటలు

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. 1510లో పోర్చుగీసువారు గోవాను ఆక్రమించారు. తరువాతి కాలంలో మిరప, తీపి గుమ్మడి, చిలగడదుంప, వేరుశనగ, జీడిమామిడి, బంగాళాదుంప, టమాటా వేర్వేరు దారుల్లో, వేర్వేరు సమయాల్లో మన పొలాలకు చేరాయి.

అన్నీ ఒకే వేగంతో కలిసిపోలేదు. మిరియాల ఘాటుకు అలవాటుపడిన నాలుకకు మిరప సులభంగా నచ్చింది; పైగా దాన్ని పెరట్లోనే పండించుకోవచ్చు. మిరప అన్న పేరులోనే మిరియం వినిపిస్తుంది. తీపి గుమ్మడి బాగా నిలవ ఉంటుంది, పులుసులో చక్కగా ఇముడుతుంది. బంగాళాదుంప బ్రిటిషు పాలనలో వ్యాపించింది. బంగాళా అన్న మాట బెంగాలును గుర్తుచేస్తుంది. కాబట్టి సంప్రదాయం కావడానికి ప్రాచీనత ఒక్కటే కారణం కాదు. ఆ ఋతువులో పంట చేతికి రావాలి, పాత వంట పద్ధతిలో ఇమడాలి, ఏటా మళ్లీ మళ్లీ వండాలి.

3. అన్నమే పండుగ వంట అయిన రోజులు

ఇంతవరకు ఆధరువుల గురించే మాట్లాడుకున్నాం. అసలు అన్నం సంగతి ఏమిటి? గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాలో వరి విస్తరించింది. మెట్ట ప్రాంతాల పేద కుటుంబాలకు మాత్రం రోజూ జొన్న, సజ్జ, రాగి, కొర్రలే తిండి. వరి అన్నం పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో వండేవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక ఈ స్థితి త్వరగా మారింది. నేడు రాయలసీమ, తెలంగాణలలో ఎన్నో ఇళ్లలో భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టె చేస్తారు. రోజువారీ తిండి పండుగ వంటయింది, పండుగ వంట రోజువారీ తిండి అయింది.

4. ఎవరి సంప్రదాయం?

పత్రికలు, టీవీ వంటల కార్యక్రమాలు చూపే పండుగ విస్తరిలో పప్పు, పులిహోర, బూరెలు, ముక్కల పులుసు ఉంటాయి. ఇది ప్రధానంగా భూమి, తీరిక ఉన్న శాకాహార కుటుంబాల విస్తరి. చాలా రైతు, శ్రామిక కుటుంబాల్లో కనుమనాడు మినప గారెలు, వాటిలోకి కోడికూరో, మేకమాంసమో లేనిదే పండుగ కాదు. అవి పుస్తకాలకు ఎక్కినది తక్కువ. రాతలో లేనంత మాత్రాన అవి సంప్రదాయం కాకుండా పోవు. అటువంటి చరిత్రను మౌఖిక ఆధారాల నుంచే సేకరించాలి.

5. మీరు ఎంచుకునేటప్పుడు

ఈసారి మీ ఇంట్లో ఆధరువులు ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఈ ఋతువులో, ఈ నేలలో పండినదేనా? దీన్ని మనకు ఎవరు నేర్పారు? మనతో కూర్చుని తినేవారిలో ఎవరి వంట ఇందులో లేదు? మూడో ప్రశ్న ముఖ్యమైనది. కొత్తగా వచ్చిన కోడలి పుట్టింటి పచ్చడిని "మనది కాదు" అని పక్కన పెడితే, ఒక ఇంటి చరిత్ర అక్కడితో ఆగిపోతుంది. దాన్ని విస్తరిలో వడ్డిస్తే, మీ మనుమలు దాన్నే సంప్రదాయం అంటారు. తీపి గుమ్మడికీ జరిగింది ఇదే.

సారాంశం

పండుగ విస్తరిలోని వంటకాలన్నీ ఒకే కాలానివి కావు. సజ్జ, చిక్కుడు వేల ఏళ్ల కిందట, మిరప, గుమ్మడి కొన్ని వందల ఏళ్ల కిందట వచ్చాయి. నీటిపారుదల, ప్రభుత్వ విధానం, వర్గం, కులం కూడా విస్తరిని తీర్చిదిద్దాయి. సంప్రదాయం అంటే మారనిది కాదు. తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చినది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. తీపి గుమ్మడి సంప్రదాయ వంటకంగా మారడానికి కారణాలు తెలపండి.
2. ఆహార చరిత్రకు సాహిత్య ఆధారాల ఉపయోగాన్ని, పరిమితిని వివరించండి.
3. మీ ఇంటిలోని అందరికంటే పెద్దవారిని అడిగి, వారి చిన్ననాటి సంక్రాంతి విస్తరిలోని వంటకాలను నమోదు చేయండి. నేటి విస్తరితో పోల్చి, ఏవి పోయాయో, ఏవి చేరాయో రాయండి.