తొంభై దాటగానే వణికే బండి

మొన్న జుమ్మా నమాజు అయ్యాక మసీదు బయట చెప్పులు వెతుక్కుంటుంటే మా మొహల్లా కుర్రాడొకడు వచ్చి సలాం చేసి, "భాయ్, మీ మామూ ఇంకా బళ్లు చూస్తారా?" అని అడిగాడు. మామూ షెడ్డు మూసేసి నాలుగేళ్లయింది. సంగతేంటని అడిగితే చెప్పాడు. హైవే మీద కారు తొంభై దాటగానే వణుకుతోంది. నూట పదికి పోతే కాస్త తగ్గుతోంది. పెద్ద సర్వీస్ సెంటర్ ఒకదానికి రెండుసార్లు తీసుకెళ్లాడు. మొదటిసారి షాక్ అబ్జార్బర్లు మార్చారు. రెండోసారి ఇంజన్ మౌంటింగులు మార్చి, వీల్ బాలెన్సింగ్ కూడా చేసి, మెషీన్ మీద సున్నా చూపించి పంపించారు. పైసలు పోయాయిగానీ వణుకు పోలేదు. ఆదివారం పొద్దున్నే అమ్మీ అబ్బానీ, భార్యనీ, మూడు నెలల బిడ్డనీ ఎక్కించుకుని హైదరాబాద్‌లో షాదీకి పోవాలి.

మామూ దగ్గరికి తీసుకెళ్లాను. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు చేసిన మనిషి. బండి వైపు చూడనైనా చూడలేదు. కుర్చీలో కూచోబెట్టి చాయ్ ఇప్పించి నాలుగు సవాళ్లు వేశారు. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్నే కదా.

"వణుకు చేతుల్లో తెలుస్తుందా, సీటు కింద తెలుస్తుందా? బ్రేకు తొక్కితేనే వస్తుందా, తొక్కకపోయినా వస్తుందా? యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఎక్కువవుతుందా? అదే స్పీడులో న్యూట్రల్ చేస్తే ఆగుతుందా, అలాగే ఉంటుందా?"

కుర్రాడు తెల్లమొహం వేశాడు. "ఇవి నన్నెవరూ అడగలేదు చాచా."

"అడక్కుండా సామాన్లు మార్చారా? నబ్జ్ చూడకుండా దవా ఇచ్చినట్టుంది" అన్నారు మామూ.

యునానీ హకీములు నబ్జ్ పట్టుకుని మర్జ్ చెప్పేవాళ్లు. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో నాడిని పది లక్షణాలుగా విడదీసి చూడమని రాశాడు. బండిది కూడా అదే లెక్క. స్టీరింగ్‌లో వణికితే ముందు చక్రాలు, సీటు కింద వణికితే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కు. తొక్కుతుంటే వచ్చి వదిలేస్తే పోతే యాక్సిల్ లోపలి జాయింటు. న్యూట్రల్ చేసినా పోకపోతే ఇంజన్ బేకసూర్, తిరిగే చక్రాల వైపే చూడాలి. ఈ నాలుగు సవాళ్ల వెనక పెద్ద తారీఖే ఉంది. అది తెలుసుకోవాలని ఆ రాత్రి కూచుని చదివాను. చదివింది మీకూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఎనిమిది వందల ఏళ్ల కింద దియార్‌బకర్‌లో అర్తూఖీ సుల్తానుల దర్బారులో ఇస్మాయిల్ అల్ జజరీ అనే కారీగర్ ఉండేవాడు. నీళ్లు తోడే యంత్రాలు, నీటి గడియారాలు చేసేవాడు. అవన్నీ ఎలా చేయాలో 1206లో ఒక కితాబుగా ముగించాడు. దాన్ని 1974లో ఇంగ్లీషులోకి తెచ్చిన డొనాల్డ్ హిల్ అనే చరిత్రకారుడు, అల్ జజరీ పెద్ద పుల్లీ చక్రాల్ని బిగించే ముందు తూకం సరిచూసేవాడని గుర్తించాడు. పద్ధతి సాదాసీదా. చక్రాన్ని ఇరుసు మీద వదిలేస్తే బరువున్న వైపు కిందికొచ్చి ఆగుతుంది. ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా సరిచేస్తూ పోవాలి. ఇప్పటికీ సైకిల్ షాపులో చక్రం తిప్పి వదలండి, ఎక్కువసార్లు వాల్వు కిందికొచ్చి ఆగుతుంది. అదే ఇల్మ్.

మెల్లగా తిరిగే చక్రానికి ఆ తూకం చాలు. కానీ స్పీడు పెరిగితే లెక్క మారుతుంది. రిమ్ము అంచున ముప్ఫై గ్రాములు ఎక్కువుందనుకోండి. మామూలు కారు టైరు నూరు కిలోమీటర్ల స్పీడులో సెకనుకి దాదాపు 15 చుట్లు తిరుగుతుంది. అప్పుడా ముప్ఫై గ్రాములు నాలుగున్నర కిలోలకు పైనే బలంతో చక్రాన్ని లాగుతాయి, ప్రతి చుట్టుకీ ఒకసారి. యాభై స్పీడులో అదే లాగుడు కిలో పైచిలుకు మాత్రమే. స్పీడు రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. అందుకే ఊళ్లో బుద్ధిగా ఉన్న బండి హైవే ఎక్కగానే బిగడాయిస్తుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. చక్రానికి వెడల్పు ఉంటుంది. లోపలి అంచున ఒక పక్క, బయటి అంచున దానికి ఎదురు పక్క బరువుంటే, ఆగి ఉన్నప్పుడు తూకం సరిగ్గానే కనిపిస్తుంది. తిరిగితే మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి తిప్పుతూ తూచాలి. అలాంటి యంత్రానికి 1870లో కెనడాలో హెన్రీ మార్టిన్సన్ పేటెంటు తీసుకున్నాడు. 1907లో ఫ్రాంజ్ లావాచెక్ అనే జర్మన్ ఇంజనీరు మెరుగైన పద్ధతి కనిపెట్టాడు. దాన్ని కొన్నది డార్మ్‌స్టాట్‌లోని కార్ల్ షెంక్ కంపెనీ. అంతకుముందు వాళ్లు చేసేది తరాజులు. ఇది చదివి నాకు నవ్వూ వచ్చింది, ఖుషీ కూడా కలిగింది. సూరె రహ్మాన్‌లో మీజాన్ అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. తరాజులు చేసేవాళ్ల కార్ఖానాకే తిరిగే చక్రాల తూకం కూడా చేరింది మరి.

కార్లకు ఈ మర్జ్ గట్టిగా తగులుకున్నది 1920లలో. 1923లో ఫైర్‌స్టోన్ వాళ్లు తక్కువ గాలితో నడిచే లావు బెలూన్ టైర్లు తెచ్చారు. సవారీ మెత్తనైంది. కానీ ముందు చక్రాలు ఒక్కోసారి తలాడిస్తున్నట్టు పటపటా కొట్టుకునేవి. దానికి షిమ్మీ అని పేరు పెట్టారు. అప్పట్లో ముందు రెండు చక్రాలకూ ఒకే ఇనుప దూలం. ఒక చక్రం ఎగిరితే దూలం వంగి రెండోదాన్నీ వంచేది. తిరిగే చక్రాన్ని బొంగరంలా అలా వంచితే పక్కకి తిరగబోతుంది, స్టీరింగ్ కొట్టుకుంటుంది. రోల్స్ రాయిస్ నుంచి అమెరికాలో క్యాడిలాక్‌కి వెళ్లిన మారిస్ ఓలీ లాంటి ఇంజనీర్లు దీని మీద కుస్తీ పట్టారు. 1934లో జనరల్ మోటార్స్ కార్లకు ముందు చక్రాలు దేనికది విడిగా ఊగే సస్పెన్షన్ వచ్చింది. మెకానిక్కుల్ని సతాయించిన ఒక వణుకు బండి నక్షానే మార్చేసింది.

వణుకు ఎక్కడిదో కనిపెట్టడానికి ఔజార్లు కూడా వచ్చాయి. నాకు బాగా నచ్చింది రీడ్ టాకోమీటర్. ఒక డబ్బాలో సన్నటి ఉక్కు రేకులు వరసగా ఉంటాయి. ఒక్కో రేకు ఒక్కో లెక్కకే వణుకుతుంది. డాష్‌బోర్డు మీద పెట్టి నడిపితే బండి వణుకుతో కలిసిన రేకొక్కటే ఊగుతుంది, మిగతావి ఖామోష్. సితార్‌లో మీటని తరఫ్ తీగలు సుర్ కలిసినప్పుడు వాటంతటవే మోగినట్టు. సెకనుకి 15 ఊగితే చక్రం, 30 ఊగితే చక్రం చుట్టుకి రెండుసార్లు కొడుతోంది, 60 దగ్గరుంటే దానికి నాలుగు రెట్లు తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టు. ఇప్పుడు ఆ పని మొబైల్ ఫోన్ యాప్ చేస్తోంది.

మన దగ్గర తారీఖ్ కొంచెం వేరుగా నడిచింది. మామూ నేర్చుకున్నది అంబాసిడర్ల మీద. ఇంగ్లాండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌నే ఉత్తరపారాలో అంబాసిడర్‌గా చేశారు, 2014 దాకా చేశారు. దానికి ఇంజన్ నుంచి వెనక యాక్సిల్ దాకా పొడుగాటి షాఫ్టు, రెండు కొసల్లో రెండు జాయింట్లు. ఆ జాయింటుకి ఒక ఆదత్ ఉంది. వంపులో తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండు ఫోర్కులూ ఒకే వరసలో ఉంటేనే ఒకదాని దోషం ఇంకోటి కొట్టేస్తుంది. మామూ ఉస్తాదు షాగిర్దులకు నేర్పిన మొదటి సబక్, షాఫ్టు విప్పే ముందు సుద్దముక్కతో గుర్తు పెట్టడం. గుర్తు మరిచినవాడికి చెవి మెలి ఖాయం.

కానీ ఆ రోజుల్లో చక్రాల తూకం సంగతి పెద్దగా ఎవరూ అడిగేవాళ్లు కాదట. రెండు లారీలు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సిన రోడ్లు. యాభై, అరవై దాటేదెప్పుడు? రాత్రంతా నిలబడ్డ నైలాన్ టైరు కింద చదునై పొద్దున కాసేపు దడదడలాడినా, వేడెక్కితే పోతుందిలే అనుకునేవాళ్లు. 1983లో మారుతి వచ్చింది, షాఫ్టు పోయింది, చిన్న చక్రాలు వచ్చాయి. 2001 తర్వాత స్వర్ణ చతుర్భుజి రోడ్డు విజయవాడ మీదుగా పడింది. తర్వాత హైదరాబాద్ రోడ్డూ నాలుగు వరసలైంది. "అప్పుడు మొదలయ్యారు జనం, బండి వణుకుతోంది, వణుకుతోంది అంటూ. వణుకు కొత్తది కాదు బేటా. రోడ్డు బాగుపడి దాన్ని బయటపెట్టింది" అన్నారు మామూ.

చదివిందంతా కలిపి చూస్తే నాకు తోచింది ఇదీ. ప్రతి జమానాలో ఒక 'సున్నా' ఉంది, అది కొంత స్పీడు దాకానే సున్నా. ఆగిన చక్రం సున్నా, తిరిగినప్పుడు సున్నా కాదు. గాల్లో తిప్పిన మెషీన్ సున్నా, బండి బరువు మీద పడ్డాక సున్నా కాదు. మెషీన్ బరువు తేడానే తూస్తుంది. టైరు ఒకచోట కాస్త ఎత్తుగా ఉన్నా దాని బరువు సరిచేయొచ్చు. రోడ్డు మీద మాత్రం ఆ ఎత్తు ప్రతి చుట్టుకీ తన్నుతుంది.

కుర్రాడి బండిలో జరిగింది అదే. శనివారం పొద్దున్నే మామూని కూచోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీద తొంభై దాకా నడిపాడు. వణుకు సీటులో తెలిసింది, చేతుల్లో కాదు. న్యూట్రల్ చేసినా పోలేదు. అంటే వెనక చక్రాలు. మామూ జాకీ ఎత్తించి ముందు రిమ్ముల లోపల బురద గట్టిపడిందేమో చూశారు, లేదు. తర్వాత సుద్దముక్కని ఇటుక మీద ఆనించి టైరుకి వెంట్రుకంత దూరంలో పట్టుకుని చక్రం మెల్లగా తిప్పారు. కుడి వెనక టైరు ఒక్కచోట మాత్రం సుద్దని ముద్దుపెట్టుకుంది. అక్కడ అరచేత్తో రాస్తే చిన్న ఉబ్బు. లోపల ఉక్కు తీగల పొర రబ్బరు నుంచి విడిపోవడం మొదలైంది. 1946లో మిషెలిన్ పేటెంటు తీసుకున్న రేడియల్ టైరు ప్రాణమంతా ఆ పొరలోనే ఉంది. అది విడిపోయిన టైరుని ఎండలో, నిండు బండితో, నూరు స్పీడులో తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కుర్రాడు మాట్లాడలేదు, బిడ్డ సీటు వైపు ఒకసారి చూశాడు.

స్టెప్నీ తీసి బిగించారు. ఈ స్టెప్నీ అనే మాట వేల్స్‌లో లనెథ్లీ ఊరి స్టెప్నీ స్ట్రీట్ నుంచి వచ్చింది. 1904లో అదనపు చక్రం అమ్మిన దుకాణం అక్కడే ఉండేది. మళ్లీ తొంభై, నూరు, నూట పది. చాయ్ గ్లాసు పెట్టినా తొణకలేదు. దార్లోనే కొత్త టైరు కొనిపించి స్టెప్నీని డిక్కీలోకి చేర్పించారు.

ఇంకో మాట చెప్పి ఆపుతాను. మనవాళ్లని ఎగతాళి చేయాలంటే "పంక్చర్లు వేసుకునేవాళ్లు" అంటారు. టీవీల్లో అంటారు, వాట్సాప్‌లో అంటారు. ముస్లిములు సొంత చిన్న పనుల్లో, బళ్ల అమ్మకాలు, రిపేర్ల లాంటి వాటిలో ఎక్కువగా ఉన్నారని 2006 నాటి సచార్ కమిటీ రిపోర్టు కూడా రాసింది. చదువు, నౌకరీ దొరక్క ఆ పనిలోకి వెళ్లినవాళ్లు చాలామంది. ఆ మజ్బూరీని గొప్పగా చెప్పను. మామూ కూడా తన కొడుకుల్ని షెడ్డులోకి రానివ్వలేదు. కానీ ఆ పని జాహిల్ పని అంటే మాత్రం ఒప్పుకోను. దాని వెనక దియార్‌బకర్ ఉంది, డార్మ్‌స్టాట్ ఉంది, ఆటోనగర్ ఉంది. బిడ్డ ఉన్న బండిని మెషీన్ సున్నా చూపించి పంపించింది, సుద్దముక్క ఆపింది.

ఎంతివ్వాలి చాచా అని కుర్రాడు అడిగితే మామూ పైసలు తీసుకోలేదు. "ఆ నాలుగు సవాళ్లు రాసి పెట్టుకో, ఎవరికి బండి ఇచ్చినా ముందు నువ్వే చెప్పు" అన్నారు. ఆదివారం మధ్యాహ్నం సూర్యాపేట దాటాక కుర్రాడి భార్య ఫోన్ చేసింది. బిడ్డ విజయవాడ నుంచి నిద్ర లేవలేదట.