పెన్సిల్ కింద తేలిన నంబరు

అనంతపురం రవాణా కార్యాలయం ఆవరణలో పొద్దున్నే ఎర్రదుమ్ము లేస్తోంది. వేపచెట్టు కింద మీ నాన్నగారి 1972 అంబాసిడర్ బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. మెకానిక్ భాయ్ కిరసనాయిలు గుడ్డతో ఇంజన్ పక్కన రుద్దుతుంటే జిడ్డు కింద నుంచి అంకెలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. వాటి మీద తెల్లకాగితం పరిచి, పెన్సిల్ వాల్చి గీస్తాడు. నంబరు తేలుతుంది. చెరిగిపోకుండా పైన సెల్లోటేపు అంటించి మీ చేతికిస్తాడు.

"సి-బుక్కుతో కలుస్తుందేమో చూడు సామీ."

కలవదు. ఆ సంగతి మీకు తెలుసు. పోయిన ఎండాకాలం కదిరి దారిలో రేడియేటర్ ఎండిపోయి బ్లాకు పగిలింది. నీళ్లు పోద్దామంటే కనుచూపు మేరలో ఒక్క బోరూ పలకలేదు. పాత సామాన్ల అంగడిలో రెండు ఇంజన్లు దొరికాయి. ఒకటి పాతదాని రకమే, 1489 సీసీ. రెండోది తర్వాతి అంబాసిడర్లకు వచ్చిన ఇసుజు, 1817 సీసీ. "ఇది పెడితే ఘాటు రోడ్డు కూడా లెక్కుండదు" అని భాయ్ ఊరించాడు. మీరు మొదటిదే తీసుకున్నారు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి వంగి చూస్తారు. "ఇంజన్ ఎక్కడ కొన్నారు? బిల్లుందా?" పెనుకొండ కియా ఫ్యాక్టరీలో దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని 2025లో కేసు నడిచిన సీమ ఇది. ఆ ప్రశ్న ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. మీరు మడతలు పడిన బిల్లు తీసి ఇస్తారు. ఆయన నంబరు సరిచూసుకుంటారు. కంపెనీ ఇచ్చిన వివరాలను ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను మీరి మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

"యాభై ఏళ్లు దాటింది కదా సార్, వింటేజ్ కింద రాయించుకోవచ్చా?"

ఆయన నవ్వుతారు. 2021 జూలై నిబంధనల ప్రకారం వింటేజ్ బండికి చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రుసుము, పదేళ్ల గడువు, నంబరులో 'వీఏ' అక్షరాలు. పైగా రోజువారీ తిప్పడానికి వీల్లేదు. మీరేమో ఆదివారం వస్తే వేరుశనగ విత్తనాలు వేసుకుని నార్పల వెళ్లే మనిషి. అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకునే మామూలు సి-బుక్కే మీకు నయం.

గేటు బయట టీ బల్ల మీద ఇన్సూరెన్స్ ఏజెంటు కూర్చుని ఉన్నాడు. అతని మొదటి ప్రశ్న: "ఎన్ని సీసీలు?" 2022 జూన్ నుంచి వచ్చిన రేట్లలో 1000 దాటి 1500 సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. ఆ పైన 7,897. ఇసుజు పెట్టి ఉంటే రెట్టింపు దాటేది. ఇంత పాత బండి విలువకు పట్టిక ఏమీ లేదు. మీరూ ఇన్సూరెన్స్ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్నదే లెక్క. "కొత్త ఇంజన్ నంబరు సి-బుక్కులో ఎక్కనీ అన్నా, అదే పాలసీలో రాస్తా. రెండూ కలవకుంటే రేపు క్లెయిము దగ్గర పేచీ వస్తాది" అంటాడు.

పాత బండికి ఇంజన్ కొనబోయేవాళ్లకు ఒకటే మాట. అంగడిలో ముందు బిల్లు అడగండి, ఇంజన్ చప్పుడు తర్వాత వినొచ్చు.