సెట్టింగులకు దగ్గరిదారి

1984 జనవరిలో వచ్చిన మొదటి మెకింతోష్‌లో సెట్టింగులన్నీ ఒక్క చిన్న కిటికీలో ఇమిడాయి. సుసాన్ కేర్ గీసిన బొమ్మలకు ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ ప్రోగ్రాము రాశారు. ఆ కంట్రోల్ ప్యానెల్‌లో మాటలు దాదాపు లేవు. వేగం తగ్గించడానికి తాబేలు, పెంచడానికి కుందేలు. చూడగానే తెలిసిపోయే అంత అందమైన పని కంప్యూటర్ చరిత్రలో తక్కువే.

ఆ సౌఖ్యం ఎక్కువకాలం నిలవలేదు. మోడెమ్, ప్రింటర్, నెట్‌వర్క్ వచ్చి చేరేకొద్దీ సెట్టింగులు పెరిగాయి. 1991లో సిస్టమ్ 7 నాటికి ఒక్కో సెట్టింగూ ఒక్కో ఫైలై, అన్నీ ఒక ఫోల్డర్‌లో చేరాయి. అయితే అదే సిస్టమ్ 7 ‘ఏలియాస్’నూ తెచ్చింది. అసలు ఫైలు ఎక్కడున్నా, దాన్ని తెరిచే ప్రతినిధిని మనకు నచ్చినచోట పెట్టుకోవచ్చు. దాని పేరు వాలు అక్షరాల్లో కనిపించేది.

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 ఆ సదుపాయాన్ని కోట్లమందికి చేర్చింది. కంట్రోల్ ప్యానెల్‌లోని బొమ్మను డెస్క్‌టాప్ మీదికి లాగితే, దాన్ని తరలించడం కుదరదని చెప్పి, బదులుగా షార్ట్‌కట్ చేయమంటావా అని అడిగేది. అవునంటే చాలు, మూలన చిన్న బాణం గుర్తుతో అది మన కళ్లెదుట ఉండేది.

తెలుగువాళ్లకు ఈ దారి విలువ తెలిసింది 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో. గౌతమి ఫాంటు అందులోనే ఉండేది. కానీ తెలుగు టైపు చేయాలంటే రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్టుల దగ్గర టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేసి, కంప్యూటర్‌ను మళ్లీ స్టార్ట్ చేయాలి. ఇంటింటా, ఆఫీసుల్లో స్నేహితులకు ఆ పని చేసిపెట్టినవాళ్లకు ‘రన్’లో, ఆ సెట్టింగులను నేరుగా తెరిచే ‘ఐఎన్‌టీఎల్ డాట్ సీపీఎల్’ అని కొట్టడం నోటిలెక్క. తెర మీద తెలుగు కనిపించడం వెనుక వాళ్ల ఓపిక ఎంతో ఉంది.

2012లో విండోస్ 8 సెట్టింగులను రెండు చోట్లకు చీల్చింది. నాకైతే అది పెద్ద అన్యాయం. అలవాటైన చెయ్యి వెతుక్కోవలసి వచ్చింది. ‘ఐఎన్‌టీఎల్ డాట్ సీపీఎల్’ అనే ఆ పాత పొట్టి పేరు మాత్రం విండోస్ 11లోనూ పనిచేస్తోంది. కొత్త సెట్టింగుల పేజీలకూ అలాంటి చిరునామాలున్నాయి: డెస్క్‌టాప్‌పై రైట్ క్లిక్ చేసి, కొత్త షార్ట్‌కట్‌లో ‘ఎంఎస్-సెట్టింగ్స్’, కోలన్, ‘రీజియన్‌లాంగ్వేజ్’ అని ఇంగ్లిషు అక్షరాల్లో ఖాళీ లేకుండా రాస్తే, భాషల పేజీ నేరుగా తెరుచుకుంటుంది.