తాజ్ మహల్ - 30 గ్రామాల వక్ఫ్

ఆగ్రాలో యమునా నది ఒడ్డున ఉన్న తాజ్ మహల్ గురించి వినని వారుండరు. దాని పాలరాతి అందాన్ని పొగడని కవి లేడు. కానీ ఆ కట్టడం కలకాలం నిలవాలని షాజహాన్ పాదుషా చేసిన ఏర్పాటు సంగతి మనలో చాలామందికి తెలియదు. ప్రతి ముస్లిం కుటుంబమూ తెలుసుకోదగ్గ విషయమది.

ముంతాజ్ మహల్ అసలు పేరు అర్జుమంద్ బానూ బేగం. ఆసఫ్ ఖాన్ కుమార్తె, నూర్జహాన్‌కు మేనకోడలు. 1612లో షాజహాన్‌తో ఆమె నికాహ్ జరిగింది. పాదుషా దండయాత్రలకు వెళ్ళినా ఆమె వెంటే ఉండేది. అలా దక్కన్‌కు వచ్చినప్పుడే, 1631 జూన్‌లో, బుర్హాన్‌పూర్‌లో 14వ కాన్పు సమయంలో కన్నుమూసింది. 14 మంది సంతానంలో బతికి బట్టకట్టింది ఏడుగురే. మొదట తపతీ నది అవతలి తోటలో ఖననం చేసి, కొన్ని నెలల తర్వాత ఆగ్రాకు తీసుకువచ్చారు.

సమాధికి ఎంచుకున్న స్థలం రాజా జయసింగ్‌ది. పాదుషా దాన్ని ఊరికే తీసుకోలేదు. బదులుగా ఆగ్రాలోనే నాలుగు హవేలీలు ఇస్తూ ఫర్మానా రాయించాడు. 1632లో పని మొదలైంది. మక్రానా నుంచి పాలరాయి వచ్చింది. ఖురాన్ ఆయతులను అందమైన అక్షరాలలో తీర్చినవాడు షీరాజ్‌కు చెందిన అమానత్ ఖాన్. ప్రధాన శిల్పి ఉస్తాద్ అహ్మద్ లాహోరీ అని చరిత్రకారులు భావిస్తారు. పని ముగిశాక కార్మికుల చేతులు నరికించారనే కథ మన పిల్లల నోటా వినబడుతుంది. దానికి ఆ కాలపు ఆధారం ఒక్కటీ లేదు. పైగా ఉస్తాద్ అహ్మదే తర్వాత ఢిల్లీ ఎర్రకోట పనిలోనూ పాలుపంచుకున్నాడు.

ఇక అసలు సంగతి. 1643లో బేగం 12వ ఉర్స్ జరిగింది. సమాధికి పాదుషా రాసిన వక్ఫ్ వివరాలను ఆస్థాన చరిత్రకారుడు అబ్దుల్ హమీద్ లాహోరీ తన పాదుషానామాలో నమోదు చేశాడు. ఆగ్రా ప్రాంతంలోని 30 గ్రామాల మీద ఏటా లక్ష రూపాయలు, సమాధి ఎదుట కట్టిన బజార్లు, సరాయిల మీద మరో 2 లక్షల రాబడి. నేటి తాజ్‌గంజ్ ఆ బజార్ల చోటే ఉంది. ఈ సొమ్ములో ముందుగా మరమ్మతులు చేయాలి. ఆ తర్వాత సేవకుల జీతాలు, బీదసాదల భోజనాలు. భార్య మీది ప్రేమ ఆ విధంగా పేదవాడి కంచం దాకా వచ్చింది.

మరమ్మతును ముందు పెట్టడంలో ఎంత ముందుచూపు ఉందో త్వరలోనే తెలిసింది. 1652లో ఔరంగజేబు తండ్రికి రాసిన లేఖలో, వానలకు గుమ్మటం ఉత్తరం వైపు రెండు చోట్ల కారుతోందని తెలిపాడు. పదేళ్ళు నిండకుండానే తాజ్ మహల్‌కూ కారుడు తప్పలేదన్నమాట! షాజహాన్ 1666లో మరణించి బేగం పక్కనే ఖననమయ్యాడు. తర్వాతి కాలంలో కట్టడం నిర్లక్ష్యానికి గురైంది. కర్జన్ ప్రభువు పూనుకోగా 1908 నాటికి పెద్ద మరమ్మతులు పూర్తయ్యాయి. 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల బొగ్గు పొగ నుంచి కాపాడేందుకు 1996లో సుప్రీంకోర్టు ఆదేశాలివ్వవలసి వచ్చింది.

మసీదు కానివ్వండి, మదరసా కానివ్వండి, ఖబరస్తాన్ గోడ కానివ్వండి, కట్టేనాడు చందాలు ఇచ్చే చేతులు చాలా ఉంటాయి. పదేళ్ళకు కప్పు కారితే అడిగేవాళ్ళు ఉండరు. ఆగ్రా వెళ్ళినప్పుడు పిల్లలకు పాలరాతి పూలు చూపించండి. 30 గ్రామాల సంగతి కూడా చెప్పండి.