మెగ్నీషియం చక్రాల పాత పూత తొలగింపు, కొత్త పూత

మెగ్నీషియం మిశ్రలోహంతో చేసిన కారు చక్రాల మీది పాత రంగును, తెల్లపొడిలా పేరుకున్న తుప్పును తీసి కొత్త రక్షణ పూత వేసే పని. మెగ్నీషియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు, అల్యూమినియంది 2.70. ఆ తేలికదనం కోసమే రేసు కార్లు, 1960ల నాటి లంబోర్గిని మియురా ఈ చక్రాలు వాడాయి.

ఉత్తరాంధ్రలోని గజపతినగరం మీదుగా పోయే 26వ జాతీయ రహదారిపై తిరిగే కార్ల అల్లాయ్ చక్రాలు దాదాపు అన్నీ అల్యూమినియంవే. అందుకే పాత దిగుమతి చక్రం చేతికొస్తే ముందు లోహమేదో తేల్చుకోవాలి. లోపలివైపు కాస్త గీకి వెనిగర్ చుక్క వేస్తే మెగ్నీషియం బుసబుస పొంగుతుంది, అల్యూమినియం ఉలకదు.

ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. అల్యూమినియాన్ని తినేసే కాస్టిక్ సోడా ద్రావణం మెగ్నీషియాన్ని దాదాపు ఏమీ చేయదు. చాలా ఆమ్లాలు మాత్రం కొరికేస్తాయి. ఇనుప గుళ్లతో బ్లాస్టింగ్ చేయరాదు. లోహంలో దిగబడిన ఇనుప రేణువు చుట్టూ తేమ తగలగానే గుంట పడుతుంది. గాజుపూసలు, ప్లాస్టిక్ రేణువులు మేలు. గ్రైండింగ్ పొడి అంటుకుంటే నీళ్లు పోయకూడదు. హైడ్రోజన్ పుట్టి మంట ఎగుస్తుంది. బాగా ఎండిన ఇసుక కప్పాలి.

ఉత్తరాంధ్ర ఉక్కపోతలో శుభ్రపడిన లోహాన్ని ఊరికే వదిలేయరాదు. డై పెనెట్రెంట్‌తో పగుళ్ల పరీక్ష, రసాయన పూత, ఎపాక్సీ ప్రైమర్, రంగు వెంటవెంటనే సాగాలి. పాత క్రోమేట్ పూత గట్టిగా కాపాడేది, కానీ అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. పగులు కనిపించిన చక్రాన్ని ఎంత అరుదైనదైనా మళ్లీ కారుకు బిగించకూడదు.