స్విచ్ వాక్యం: మౌనానికి మారిన అర్థం

ఉపోద్ఘాతం

ఒక విలువను బట్టి అనేక మార్గాలలో ఒకదానిని ఎంచుకొనే ప్రోగ్రామింగ్ నిర్మాణమే స్విచ్ వాక్యం. నెల సంఖ్యను బట్టి రోజుల సంఖ్యను చెప్పడం దీనికి సులభమైన ఉదాహరణ. ఎంచుకొన్న మార్గంలోని పని పూర్తయ్యాక ఏం చేయాలో ప్రోగ్రామర్ రాయకపోతే ఆ మౌనానికి అర్థమేమిటి? ఈ ప్రశ్నకు ప్రోగ్రామింగ్ భాషలు ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది.

తొలి రూపాలు

1957 నాటి ఫోర్ట్రాన్‌లో ఒక సంఖ్య విలువను బట్టి నిర్దిష్ట వాక్యానికి దూకే గోటు ఆదేశం ఉండేది. ఆల్గాల్ 60లో స్విచ్ అంటే ప్రధానంగా లేబుళ్ల జాబితా. అది దారి చూపేదే గాని, గమ్యం చేరిన తరువాతి నడకతో దానికి సంబంధం లేదు. ఆల్గాల్ అభివృద్ధికై నిక్లాస్ విర్త్, టోనీ హోర్ 1966లో ప్రచురించిన ప్రతిపాదనలోని కేస్ నిర్మాణం దీనికి భిన్నమైనది. అందులో ఒకే శాఖ అమలవుతుంది. ఆపై నియంత్రణ నిర్మాణం చివరికి చేరుతుంది. 1970 నాటి పాస్కల్ ఈ మార్గాన్నే అనుసరించింది.

సి భాష ఎంపిక

మార్టిన్ రిచర్డ్స్ బీసీపీఎల్, కెన్ థాంప్సన్ బి భాషల వారసత్వంగా డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో కేస్ స్వతంత్ర శాఖ కాదు, లేబుల్ మాత్రమే. బ్రేక్ రాయకపోతే తరువాతి కేస్‌లోని ఆదేశాలు కూడా అమలవుతాయి. దీనివల్ల సౌలభ్యం లేకపోలేదు. 4, 6, 9, 11 నెలల లేబుళ్లను వరుసగా పేర్చి 30 అనే సమాధానాన్ని ఒక్కసారే రాయవచ్చు. అయితే మరచిన బ్రేక్‌కూ, కావాలని వదిలిన బ్రేక్‌కూ భాషలో చాలాకాలం రూపభేదం ఉండేది కాదు.

బ్రేక్ ఉన్నంత మాత్రాన చిక్కు తీరదు. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరప్రాంత టెలిఫోన్ వ్యవస్థ దాదాపు 9 గంటలు స్తంభించింది. స్విచ్ వాక్యం లోపలి ఇఫ్ భాగంలో ఉన్న ఒక బ్రేక్ ఇందుకు మూలమని తేలింది. సి నియమం ప్రకారం అది ఇఫ్‌ను కాక స్విచ్‌నే దాటించింది. చేయవలసిన పని మిగిలిపోయింది. ఒకచోట బ్రేక్ లేకపోవడం దోషమైతే, ఇక్కడ అది ఉండటమే దోషమైంది.

ముగింపు

2009లో వెలువడిన గో, 2014 నాటి స్విఫ్ట్ భాషలు ఈ నియమాన్ని తలకిందులు చేశాయి. వీటిలో మౌనమంటే ఆగడం. తరువాతి కేస్‌లోకి సాగాలంటే ఫాల్‌త్రూ అని రాయాలి. 2020 నాటి జావా 14లో ప్రామాణికమైన బాణపు గుర్తు రూపంలోనూ ఒక శాఖ మరొకదానిలోకి జారదు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, సి భాష అరుదైన అవసరాన్ని ఉత్సర్గంగా నిలిపి, నిత్యావసరాన్ని ప్రతిసారీ చెప్పవలసిన అపవాదంగా మార్చింది. తరువాతి భాషలు ఆ క్రమాన్ని సరిచేశాయి. అందువల్ల స్విచ్ చరిత్రను కొత్త శక్తులు చేరిన చరిత్రగా కన్నా, చెప్పకపోయినా గ్రహించవలసినదేమిటో తిరిగి నిర్ణయించుకొన్న చరిత్రగా చూడటం సమంజసం.