విమాన క్యాబిన్ సిబ్బందిలో క్యాన్సర్ ముప్పు

ఎయిర్ హోస్టెస్‌లు, స్టీవార్డులలో కొన్ని రకాల క్యాన్సర్లు మిగతా జనంలో కంటే ఎక్కువగా కనిపిస్తున్నాయని 1990ల నుంచి పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ముఖ్యంగా స్త్రీలలో రొమ్ము క్యాన్సర్, మెలనోమా, ఇతర చర్మ క్యాన్సర్ల విషయంలో ఈ తేడా ఉంది. ఎక్కువన్న మాటపై పెద్దగా పేచీ లేదు. ఎందుకన్నదే తేలలేదు.

మొదటి అనుమానం అంతరిక్షం నుంచి వచ్చే రేడియేషన్ కణాలైన విశ్వకిరణాల మీదే. ఎత్తుకు వెళ్లేకొద్దీ రేడియేషన్ పెరుగుతుందని 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో పైకెళ్లి కనిపెట్టాడు. జెట్ విమానాలు ఎగిరే 10–12 కిలోమీటర్ల ఎత్తులో, నేల మీద మనల్ని కాపాడే గాలిపొర చాలావరకు కిందే ఉండిపోతుంది. దారి కూడా ముఖ్యమే. భూమి అయస్కాంత క్షేత్రం భూమధ్యరేఖ వైపు ఈ కణాలను గట్టిగా అడ్డుకుంటుంది, ధ్రువాల దగ్గర వదిలేస్తుంది. ఈ రక్షణ ప్రపంచంలోనే బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో దక్షిణ భారతం ఒకటి. అందుకే హైదరాబాద్–దుబాయ్ మధ్య తిరిగేవారికి గంటకు తగిలే మోతాదు, ఉత్తర ధ్రువం మీదుగా అమెరికా వెళ్లేవారికి తగిలే దానికంటే చాలా తక్కువ.

అమెరికా రేడియేషన్ రక్షణ మండలి 2009 నివేదిక ప్రకారం అక్కడి విమాన సిబ్బందికి ఏటా సగటున 3.07 మిల్లీసీవర్టుల రేడియేషన్ తగులుతోంది. అణువిద్యుత్ కేంద్రాల్లో పనిచేసేవారి సగటు ఇంతకన్నా తక్కువే. అయినా వాళ్ల చొక్కాకు రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉంటుంది, ట్రాలీ తోసే అమ్మాయికి ఉండదు. లెక్క కావాలంటే తేదీ, ఎత్తు, మార్గం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ఇచ్చి అంచనా కట్టాల్సిందే.

1995లో ఫిన్లాండ్ అధ్యయనం అక్కడి ఎయిర్ హోస్టెస్‌లలో రొమ్ము క్యాన్సర్ మామూలు కంటే 1.87 రెట్లు ఉందని చూపింది. నాలుగు నార్డిక్ దేశాల్లో 10,066 మంది వివరాలు కలిపి 2012లో చూస్తే అది 1.5 రెట్లు. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 5,366 మందిని అడిగి 2018లో ప్రచురించిన ఫలితం కూడా దానికి దగ్గరగానే ఉంది. మెలనోమా అందులో రెట్టింపు దాటింది. ఉద్యోగంలో చేరేనాటికి ఆరోగ్యం చూసి ఏరి తీసుకున్నవారిలో ఈ పరిస్థితి ఉండటం గమనించదగ్గది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రేడియేషనే కారణమైతే ఎక్కువ మోతాదు తగిలినవారికి ముప్పు కూడా ఎక్కువ ఉండాలి. నార్డిక్ అధ్యయనంలో అలాంటి వరస స్పష్టంగా కనబడలేదు. అమెరికా విమాన సంస్థ పాన్ ఆమ్‌లో పనిచేసిన 6,093 మంది మహిళలను పరిశీలించినవారు, పిల్లలు తక్కువగా ఉండటం, మొదటి కాన్పు ఆలస్యం కావడమే రొమ్ము క్యాన్సర్ పెరుగుదలకు కారణం కావచ్చన్నారు. ముగ్గురు, అంతకుమించి పిల్లలున్నవారిలో మాత్రం రేడియేషన్‌తో సంబంధం కనబడింది. కాన్పుల సంగతి సొంత ఇష్టాయిష్టాల కింద కొట్టేయడానికి వీల్లేదు. చాలా సంస్థలు ఒకప్పుడు పెళ్లయితే, గర్భం వస్తే ఉద్యోగం తీసేసేవి. ఎయిర్ ఇండియాలో మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్‌ను ఇంటికి పంపే నిబంధనను మన సుప్రీంకోర్టు 1981లో నర్గీస్ మీర్జా కేసులో కొట్టేసింది.

రాత్రి డ్యూటీలు, కాలమండలాలు దాటడం వల్ల శరీరంలోని గడియారం తప్పడం మరో అనుమానం. జీవగడియారాన్ని దెబ్బతీసే షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అంది. 2019లో రాత్రి షిఫ్టుల విషయంలో అదే మాటకు కట్టుబడింది.

పాతతరానికి సిగరెట్ పొగ అదనం. స్మోకింగ్ వరసలు విమానం వెనకవైపు ఉన్నా, ఆ నడవాలోనే గంటల తరబడి తిరగాల్సింది సిబ్బందే. ఎన్నడూ పొగతాగకపోయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన నార్మా బ్రోయిన్ పేరుతో 1991లో మయామీలో పొగాకు కంపెనీలపై దాఖలైన సామూహిక దావా 1997లో రాజీతో ముగిసింది. 30 కోట్ల డాలర్లతో పరిశోధనా నిధి ఏర్పడింది.

విమాన సిబ్బందిని వృత్తిరీత్యా రేడియేషన్‌కు గురయ్యేవారిగా పరిగణించాలని అంతర్జాతీయ రేడియోలాజికల్ రక్షణ సంఘం 1990 సిఫార్సుల్లో చెప్పింది. యూరప్‌లో ఏటా 1 మిల్లీసీవర్టు దాటే అవకాశముంటే మోతాదు అంచనా కట్టడం, డ్యూటీలు సర్దడం సంస్థల బాధ్యత. గర్భిణి అని తెలిపాక కాన్పయ్యేదాకా శిశువుకు తగిలేది 1 మిల్లీసీవర్టు మించకుండా చూడాలి. అమెరికాలో ఇలాంటివి సలహాలకే పరిమితం.